బండి పడకుండా తిరిగొస్తే

షోరూములో టై కట్టుకున్నాయన తాళంచెవిని మా ఆయన చేతిలో పెట్టి, "కూర్చోండి సార్, మీ హైటుకి ఈ బండి సరిగ్గా సరిపోతుంది" అన్నాడు. మా ఆయన ఆ తాళంచెవిని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, నాకు అందించాడు.

"నాకు గేర్లు రావండి. నడిపేది ఆవిడ."

టై ఆయన ముందు నా ముఖం చూశాడు, తర్వాత నా కాళ్ళు చూశాడు, ఆ తర్వాత బండి సీటు చూశాడు. నవ్వు రాకుండా పెదవి కొరుక్కుని, "మేడం, మన దగ్గర మంచి స్కూటర్లు కూడా ఉన్నాయి" అన్నాడు. స్కూటరు మీదే వచ్చానని, దాని మీద నుంచి దిగడానికే వచ్చానని చెప్పాను.

నేను పొట్టిదాన్ని. దాచుకునేదేమీ లేదు. లెక్కలు చెప్పే టీచర్ని, బోర్డు కింది సగంలోనే నా లెక్కలన్నీ పూర్తి చేస్తాను. ఉదయం ప్రార్థన వేళ పిల్లల మధ్య నిలబడితే హెడ్‌మాస్టరు నేను రాలేదనుకుని చుట్టూ వెతుకుతాడు. ఆ బండేమో ఎత్తుగా, రెండు పక్కలా అల్యూమినియం పెట్టెలతో, గాలి ఆపడానికి ముందు ఒక అద్దంతో, ఊళ్ళు దాటి పోవడానికే తయారై నిలబడింది. టూరింగ్ బళ్ళు అంటారు వాటిని. అప్పటికింకా మా విజయనగరానికి కొత్త. అమ్మకానికి ఉన్నవి కాక, నడిపి చూడమని ఇచ్చే బండి అది ఒక్కటే ఉండేది.

ఆ పిచ్చి నాకెలా పట్టిందో చెప్పాలి. ఒకసారి హైవే పక్కన టిఫిను హోటలు దగ్గర అలాంటి బండి ఆగి ఉంది. దాని వెనక తాడు కట్టి ఎవరో తువ్వాలు ఆరేసుకున్నారు. ఆ మనిషి లోపల ఇడ్లీలు తింటున్నాడు, తువ్వాలు బయట ఆరుతోంది. అంతే, ఇంకేమీ జరగలేదు. నేను మాత్రం ఆ తువ్వాలును చూస్తూ నా ప్లేటులో దోసె చల్లార్చుకున్నాను. ఇరవై ఏళ్ళుగా ఇంటి నుంచి బడికి, బడి నుంచి ఇంటికి ఒకే దారిలో స్కూటరు మీద తిరుగుతున్నాను. ఆ దారిలో ఏ గుంట ఎప్పుడు పుట్టిందో కూడా చెప్పగలను. పిల్లలిద్దరూ హాస్టళ్ళకు వెళ్ళిపోయారు. సముద్రం పక్క దారి పట్టుకుని పూరీ దాకా వెళ్ళాలి, ఒక్కదాన్నే వెళ్ళాలి, ఎక్కడో ఒక చోట నా తువ్వాలు కూడా ఆరేయాలి. ఇదే మాట ఇంట్లో పొద్దున్నా సాయంత్రం అంటూ ఉండేదాన్ని.

మా ఆయన కాలేజీ ఆఫీసులో గుమాస్తా. చీపురుపల్లి వైపు వరి పండించే కుటుంబం. ఏ పని తలపెట్టినా అందులో ముందు నష్టాన్ని వెతుకుతాడు. దొరికేదాకా నిద్రపోడు, దొరికాక హాయిగా నిద్రపోతాడు. బండి విషయంలో ఆయనకు వెతికే పనే లేకపోయింది.

"నీ కాళ్ళు నేలకందవు. ఎక్కడో ఒక కాడ పడతావు" అన్నాడు.

"నడిపి సూడకుండా ఎలా తెలుస్తాది బావా?"

మాకు చుట్టరికం లేదు. పెళ్ళయిన కొత్తలో ఏమని పిలవాలో తెలియక 'బావా' అన్నాను. అదే ఉండిపోయింది. ఆయన రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు అన్నం తింటూ తేల్చాడు.

"సరే, నడిపి సూడు. నానూ వెనకాల కూకుంటాను. బండి పడకుండా తిరిగొస్తే కొందాం. ఒక్కసారి నేల తాకినాదంటే మాత్రం ఈ ఇంట్లో మరి ఆ బండి ఊసెత్తకూడదు. సచ్చేదాకా."

"సచ్చేదాకానా?"

"సచ్చేదాకా. నెత్తి మీద సెయ్యెట్టి సెప్పు."

ఎవరి నెత్తి మీదంటే ఆయన నెత్తి మీదేనట. నాకు అందలేదు. ఆయన మంచం మీద కూర్చుని తల వంచాడు. ఒట్టు వేశాను. మొండితనంతోనే వేశాను. ఒక్కసారి పడితే అంతే సంగతులు. ఆయన మాట మీద నిలబడే మనిషి, నేనూ అంతే, అదే మా ఇద్దరి ఖర్మ.

అందుకే ఆ ఆదివారం చుడీదారు వేసుకుని, బడి ఆటల పోటీలకు కొన్న లావు అట్టల బూట్లు తొడుక్కుని షోరూముకు వెళ్ళాను. టై ఆయన రింగు రోడ్డు దాకా వెళ్ళి వచ్చేయమన్నాడు.

"దూరాలు తిరిగే బండిని వీధి చివరి దాకా తిప్పి కొనేయమంటారా? చీర కొన్నా మడత విప్పి చూపిస్తారు కదండీ" అన్నాను.

కాసేపు బేరం నడిచింది. నా స్కూటరూ, దాని తాళమూ అక్కడ వదిలి వెళ్ళేటట్టూ, భోగాపురం దాకా పోయి భోజనాల వేళ దాటాక తెచ్చి ఇచ్చేటట్టూ ఒప్పందం కుదిరింది. టై ఆయన మా ఆయన్ని పక్కకు పిలిచి, "సార్, కాస్త మీరే చూసుకోండి" అన్నాడు. "సూడ్డానికే ఎల్తన్నానండి" అన్నాడు మా ఆయన. ఆ మాటలో ఉన్న సంతోషం నాకు నచ్చలేదు.

వాళ్ళిద్దరూ లెక్కలో వేసుకోని సంగతి ఒకటుంది. మా నాన్న చేపల వ్యాపారి. రేవులో చేపలు కొని, ఐసు పెట్టెలో వేసి, మోటారు సైకిలు వెనక కట్టుకుని పొద్దున్నే విజయనగరం మార్కెట్టుకు తెచ్చేవాడు. నేను బండి నేర్చుకున్నది ఆ పెట్టెతోనే. అందులో ఐసు కరిగి నీళ్ళు అటు ఊగితే బండి అటు, ఇటు ఊగితే ఇటు. అప్పుడూ నాకు కాళ్ళందేవి కావు. "రెండు కాళ్ళూ ఆనించాలనుకోకే. ఒక పక్కకి జారి ఒక కాలు పెట్టు, సాలు. రెండోది బండికి ఒగ్గీ" అనేవాడు నాన్న. చేపల బళ్ళ వాళ్ళందరూ అలాగే ఆపుతారు. చూసేవాళ్ళకి పడిపోతున్నట్టే ఉంటుంది, పడరు.

మొదటి కూడలిలో ఆటో ఒకటి మా ముందు ఠక్కున ఆగింది. నేను ఎడమ పక్కకు జారి, ఒక కాలు పెట్టి, బండి ఆపాను. వెనక నుంచి మా ఆయన రెండు చేతులూ నా భుజాల మీద పడ్డాయి.

"ఓలమ్మో, పడిపోనాది!"

"పడలేదు. ఆగినాది."

"ఇలగేటి ఆపడం? సగం మనిసివి సీటు కింద ఉన్నావు!"

"మిగతా సగం సీటు మీదే ఉన్నాది గదా."

ఊరు దాటేసరికి ఆయన ఏయే అమ్మవార్లకు ఏమేం మొక్కుకుంటున్నాడో నాకు హెల్మెట్టులోంచే వినబడుతోంది. ఆయన ఒక మొక్కు పూర్తి చేయగానే నేను ఇంకొంచెం వేగం పెంచేదాన్ని. మూడు కోళ్ళూ, ఒక పట్టుచీరా అయ్యాక ఇక పాపం అనిపించి తగ్గించాను. బండి మాత్రం ఎంత బాగుందో చెప్పలేను. స్కూటరు మీద గుంట వస్తే నడుము దాన్ని లెక్క రాసుకుంటుంది. దీని మీద గుంటలు వచ్చి వెళ్ళిపోయాయి, నాకు పట్టలేదు. హైవే ఎక్కాక పక్కన సరుగుడు తోటలూ, మామిడి తోటలూ వెనక్కి పోతుంటే నాకు గట్టిగా అరవాలనిపించింది. అరిచాను కూడా. మా ఆయన ప్రమాదం జరిగిందనుకుని ఆయనా అరిచాడు.

భోగాపురంలో టీ తాగుదామని ఆగాం. ఆ రోజుల్లో అక్కడ విమానాశ్రయం వస్తుందని, భూములు పోతాయని ఊరూరా అదే మాట. పెట్టెలున్న బండి, హెల్మెట్లు పెట్టుకున్న ఇద్దరు కొత్త మనుషులు. టీ దుకాణం బల్ల మీద మాటలు ఆగిపోయాయి. ఒక పెద్దాయన లేచి వచ్చి బండి చుట్టూ తిరిగాడు.

"ఏటమ్మా, కొలతలకొచ్చినారా?"

"కాదు బాబూ. బండి కొందామని నడిపి సూస్తన్నాం."

"మరా పెట్టెల్లో ఏటున్నాది?"

రెండు పెట్టెలూ తెరిచి చూపించాను. ఖాళీ. దాంతో ఆయన అనుమానం ఇంకా పెరిగింది.

"కాళీ పెట్టెలేసుకుని ఎవులైనా ఊళ్ళమ్మట తిరుగుతారేటి? ఇయాల కాళీగానే వస్తారు. రేపు కొలతల గొలుసట్టుకొస్తారు."

ఆయన భయం ఆయనది, నవ్వడానికి లేదు. కానీ మా ఆయన అదే సమయంలో దూరంగా చూస్తూ, ఏమీ ఎరగనట్టు, "ఆ కొబ్బరి తోట ఎవులిదోగాని బాగున్నాది" అన్నాడు. బల్ల మీద వాళ్ళంతా ఒక్కసారి లేచారు. టీ సగం తాగి బయల్దేరాం.

అక్కడి నుంచి ఒప్పందం ప్రకారం వెనక్కి తిరగాలి. కానీ సముద్రం గాలి తగిలింది. ఇంకాస్త ముందుకు పోతే మా అమ్మ పుట్టిన ఊరు. మేనమావ, అత్త అక్కడే ఉన్నారు. బండిని ఇసకలో కూడా చూడాలి కదా అనిపించింది.

"భోగాపురం దాకానే గదా సెప్పినాడు" అన్నాడు వెనక సాక్షి.

"ఇదీ భోగాపురం మండలమే."

ఇసకలో నడుపుతానంటే ఆయన వద్దనలేదు. ఎందుకు వద్దనలేదో నాకు తెలుసు. తారు రోడ్డు అయిపోయి, ఇళ్ళ మధ్య నుంచి దారి ఇసకలోకి దిగింది. మెత్తటి ఇసకలో చక్రం ఊగింది. ఐసు పెట్టె ఊగినప్పుడు చేసినట్టే చేతులు వదులుగా పెట్టి, ఆగకుండా పోనిచ్చాను. నీటి అంచున తడి ఇసక గట్టిగా ఉంటుంది. దాని మీదికి చేరాక బండి హాయిగా పరిగెత్తింది. కెరటం వచ్చి చక్రాన్ని తాకి వెళ్ళింది. వలలు బాగు చేసుకుంటున్నవాళ్ళంతా పని ఆపి చూశారు. మా మావ అందరికన్నా ముందు గుర్తు పట్టాడు.

"ఒరే, మా మేనకోడలురా! అల్లుణ్ని ఎనకాలేసుకొచ్చినాది!"

వాళ్ళ ఎదురుగా ఆపి, విరిగిన పడవ చెక్క ఒకటి తెప్పించి స్టాండు కింద పెట్టాను. హ్యాండిలు లాకు చేసి, తాళం నడుముకు దోపుకున్నాను. మా ఆయన బండిని నాలుగు వైపుల నుంచీ చూసి, వేలితో తోసి కూడా చూశాడు. కదల్లేదు. ఆయన నిట్టూర్పు నాకు వినబడింది.

అత్త మమ్మల్ని తిననివ్వకుండా పంపదు. ఆ పూట వంజరం పులుసు, నెత్తళ్ళ వేపుడు. మా ఆయన వరి పొలాల వైపు మనిషి, ముల్లు అంటే భయం, చేప అంటే ప్రాణం. ముల్లు లేని ముక్కలన్నీ అత్త ఆయనకే వేసింది. ఆయన ముందు తినేసి, చేయి కడుక్కుని, "బండిని ఒకసారి సూసొస్తాను" అని వెళ్ళాడు. నేను నెత్తళ్ళ దగ్గర ఉండిపోయాను.

కాసేపటికి గాలి ఎక్కువైంది. తలుపు రెక్క కొట్టుకుంది. ఒడ్డు మీద నుంచి "హైలెస్సా" అని కేకలు మొదలయ్యాయి. ఎవరిదో పడవ వచ్చిందనుకున్నాను. కేకల్లో ఒక గొంతు మాత్రం అందరూ ఆపాక ఒక్కటే వినబడుతోంది. ఎక్కడో విన్న గొంతే. పులుసు మీద ధ్యాసలో పట్టించుకోలేదు.

మా అమ్మ వాళ్ళ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. పోటు వచ్చే వేళ నీటికి దగ్గరగా ఏది ఉన్నా, ఎవరిదైనా సరే, పైకి చేర్చాల్సిందే. దాని సొంతదారును పిలవడం, అడగడం ఉండదు. ఒడ్డు మీద ఉన్న ప్రతివాడూ భుజం ఇవ్వాలి. పెళ్ళికొడుకు దారిన పోతున్నా ఇవ్వాలి. పైకి చేర్చాక గాలి ఎక్కువగా ఉంటే పడవను నిలబెట్టి వదలరు. కింద పాత వల పరిచి, ఒక పక్కకు వాల్చి పెడతారు. నిలబడి ఉన్నదాన్ని గాలి పడేస్తుంది, వాల్చినదాన్ని ఏమీ చేయలేదు. తాతల నాటి నుంచి ఇదే లెక్క.

నేను చేయి కడుక్కుని వెళ్ళేసరికి బండి ఆపిన చోట బండి లేదు. అక్కడ కెరటం ఉంది. అటూ ఇటూ చూస్తే, పైన పడవల వరసలో, రెండు పడవల మధ్య, పాత వల మీద, బండి హాయిగా పక్కకు తిరిగి పడుకుని ఉంది. దాని కింద ఉన్న వెదురు గెడలు అప్పుడే లాగుతున్నారు. హ్యాండిలు లాకు చేయడంతో దొర్లదని, ముందు చక్రానికి ఒక గెడ, వెనక చక్రానికి ఒక గెడ కట్టి ఊరంతా కలిసి మోసుకొచ్చారు. కాకులు పాడు చేస్తాయని పైన ఇంకో వల ముక్క కూడా కప్పారు.

ఆ కొసన మా ఆయన. చొక్కా విప్పి తలకు చుట్టాడు. భుజం మీద గెడ రాసుకుని ఎర్రగా కందింది. ముఖమంతా చెమట, ఆ చెమట మీద ఇంత నవ్వు. ఇరవై ఏళ్ళలో ఆయన్ని అంత ఆనందంగా నేను చూడలేదు.

"ఎంత బాగా మోసినామో సూసినావేటి? నాను ముందు గెడ పట్టినాను! వీళ్ళు ఎనక్కి పడిపోతంటే నానే సెప్పినాను, ఇటు దించండి, ఇటు వాల్చండి అని!"

అని, నా ముఖం చూశాడు. తర్వాత బండిని చూశాడు. నవ్వు అలాగే ఉంది గాని, కళ్ళు మాత్రం మా ఇంట్లో ఒట్టు వేసిన మంచం దాకా వెళ్ళి వచ్చాయి.

నేను నోరు తెరిస్తే నవ్వు వచ్చేస్తుంది, లేదా ఏడుపు. ఏది వస్తుందో నాకే తెలియలేదు.

"అంటే..." అన్నాడు మా ఆయన మెల్లగా. "బండి నేల తాకినట్టే గదా."

మావకు సంగతేమిటో నేను చెప్పాల్సి వచ్చింది. ఒట్టు సంగతి విని ఆయన తల గోక్కున్నాడు. ఊరు చుట్టూ చేరింది.

"నిలబెట్టి ఒగ్గేస్తే గాలికి పడిపోదేటి అల్లుడూ? పడకూడదనే గదా తొంగోబెట్టినాం."

"తొంగోబెట్టినా కింద నేలే గదా మావా."

"నేలెక్కడిది? కింద వలున్నాది. ఆ పక్క పెట్టె ఉన్నాది. అయినా, దించు దించు అని కేకలేసినోడివి నువ్వు. పెళ్ళాం బండిని నువ్వే దింపి, పడిపోనాదంటే ఎలగ?"

ఒడ్డంతా గొల్లుమంది. ఒక ముసలమ్మ అయితే చేపల బుట్ట కింద పెట్టి మరీ నవ్వింది. మా ఆయన తలకు చుట్టిన చొక్కా విప్పి, దులిపి, తొడుక్కున్నాడు. గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు.

"తీర్పు నువ్వే సెప్పు బావా. సాచ్చివి నువ్వే గదా" అన్నాను, బళ్ళో పిల్లలతో మాట్లాడే గొంతుతో.

"ఇంటికెళ్ళాక సెప్తాను" అన్నాడు.

మళ్ళీ అదే గెడలతో, అదే కేకలతో బండిని లేపి, దారి మీద దాకా మోసుకొచ్చి నిలబెట్టారు. ఈసారి మా ఆయన గెడ పట్టలేదు. చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నడిచాడు గాని, "హైలెస్సా" అన్నప్పుడల్లా పెదవులు కదులుతూనే ఉన్నాయి. పక్కకు పడుకోబెట్టడంతో పెట్రోలు వాసన వేసింది. మీట నొక్కితే బండి దగ్గింది, ఆగింది. మళ్ళీ దగ్గింది. టై ఆయనకు ఏం చెప్పాలో తోచలేదు. కాసేపు ఆగి నొక్కితే అందుకుంది. ఊరు ఈల వేసింది. బండికి గీత కూడా పడలేదు, వల అచ్చు మాత్రం ఒక పెట్టె మీద తడిగా ఉంటే అత్త చీర కొంగుతో తుడిచేసింది. తుడుస్తూనే ఎండు నెత్తళ్ళ పొట్లం లోపల పడేసింది.

తిరుగు దారిలో మా ఆయన మాట్లాడలేదు. మొక్కులూ లేవు. మొక్కులు వినబడితేనే నాకు ధైర్యంగా ఉండేదేమో. ఇంటికెళ్ళాక ఏం చెప్తాడో తెలియదు. నేల తాకింది అంటే తాకింది, ఒట్టు ఒట్టే. నవ్వులాటగా మొదలైన వ్యవహారమే గాని, ఆ హైవే మీద నాకు నవ్వు రాలేదు. ఆ బండి నాకు కావాలి. నలభై దాటాక నాకోసం నేను అడిగింది అదొక్కటే. పిల్లల ఫీజులు, ఇంటి పైకప్పు, ఆయన నడుముకు వైద్యం, ఇవన్నీ కావాల్సినవే, ఎవరూ కాదనలేదు. ఇది కావాల్సింది కాదు, నాకు కావాలి, అంతే.

ఊరు దగ్గరపడుతుండగా ఒక కల్వర్టు ఎత్తు మీద వరిగడ్డి ట్రాక్టరు మా ముందు ఎక్కలేక ఆగిపోయింది. నేనూ ఆపాను. ఎడమకు జారి కాలు పెట్టబోయాను. అక్కడ నేల లేదు. రోడ్డు అంచు కోసుకుపోయి గుంటలా ఉంది. కాలు గాలిలో ఆడింది. బండి బరువంతా ఆ పక్కకు ఒరిగింది. ఒరిగిన బండి ఎలా పోతుందో నాకు తెలుసు. మెల్లగానే మొదలవుతుంది, తర్వాత ఎవరూ ఆపలేరు. కళ్ళు మూసుకున్నాను.

బండి ఆగింది.

వెనక నుంచి రెండు పొడుగాటి కాళ్ళు దిగి, ఒకటి గుంటలో, ఒకటి రోడ్డు మీద, గట్టిగా పాతుకుని ఉన్నాయి. ఆయన మూలుగు వినబడింది. ఇద్దరం కలిసి బండిని నిట్టనిలువు చేశాం. ట్రాక్టరు ఇంకా కదల్లేదు. వెనక హారన్లు మోగుతున్నాయి.

"కాలెట్టకపోతే నువ్వే నెగ్గీవోడివి గదా బావా" అన్నాను, ముందుకే చూస్తూ.

"నెగ్గీవోణ్నే."

"మరెందుకెట్టినావు?"

"నీ కాలు దాని కింద నలిగిపోదేటి?" అన్నాడు. గుంటలోని కాలు పైకి లాక్కుంటూ, "అయినా నా బెంగ బండి పడిపోతాదని కాదు" అన్నాడు.

"మరేటి?"

"పొద్దస్తమానం ఒక్కదాన్నీ ఎల్తాను, ఒక్కదాన్నీ ఎల్తాను అంటావు. పిల్లలు నేరు. నువ్వూ ఎల్పోతే నానింట్లో కూకుని ఏటి సెయ్యాల? గుప్పెడు బియ్యం కడుక్కుని, గోడకేసి సూస్తా తినాలేటి?"

హెల్మెట్టు వల్ల ఆయన ముఖం నాకు కనబడలేదు, నా ముఖం ఆయనకు కనబడలేదు. అది మంచిదే అయింది. రెండేళ్ళుగా ఆ మాట అంటున్నాను, ఒక్కసారి కూడా ఆ మాట అవతలి చెవిలో ఎలా పడుతుందో ఆలోచించలేదు. ఆయన కాళ్ళందవన్నాడు, పడతావన్నాడు, ఒట్టు వేయించుకున్నాడు. ఇది చెప్పడం చేతకాక ఇన్ని చెప్పాడు. నాకు ఆయన మీద జాలీ, కోపమూ ఒకేసారి వచ్చాయి. అబద్ధం చెప్పి ఓదార్చాలనిపించింది గాని, ఆ బండి మీద కూర్చుని చెప్పలేకపోయాను.

"కొన్నిసార్లు ఒక్కదాన్నే ఎల్తాను బావా. అదైతే మారదు" అన్నాను.

ట్రాక్టరు కదిలింది. షోరూము దాకా మళ్ళీ మాటల్లేవు. గతుకు వచ్చినప్పుడు మాత్రం వెనక నుంచి "అబ్బా, నడుం" అని ఒక మూలుగు.

టై ఆయన గుమ్మంలోనే ఎదురు చూస్తున్నాడు. భోజనాల వేళ దాటి చాలాసేపైంది. బండి చుట్టూ తిరిగి, వంగి, పెట్టెలు తట్టి చూశాడు. ముక్కు రెండుసార్లు ఎగబీల్చి, ఏమిటో తేల్చుకోలేక వదిలేశాడు.

"ఎక్కడా పడలేదు కదా సార్?" అన్నాడు మా ఆయనతో.

నేను స్కూటరు తాళం తీసుకుంటున్నదాన్ని ఆగిపోయాను. ఇంటికెళ్ళాక చెప్పాల్సిన తీర్పు ఇక్కడే వచ్చిపడింది. మా ఆయన హెల్మెట్టు తీయకుండా, అద్దం మాత్రం పైకెత్తి, కాసేపు బండిని చూశాడు.

"పడలేదు" అన్నాడు.

"మరైతే ఏమంటారు సార్?"

"నన్నేటి అడుగుతారు? ఆవిడనడగండి."

టై ఆయన నా వైపు తిరిగాడు. ఈసారి కాళ్ళు చూడలేదు. "మేడం, తీసుకుంటానంటే ముందు సీటు కొంచెం కిందికి దింపించి ఇస్తాం. మీకు కాళ్ళు చక్కగా అందుతాయి" అన్నాడు.

"ముందు సీటు అలాగే ఉండనివ్వండి. నాకు ఒక కాలు చాలు. వెనక సీటు మరీ గట్టిగా ఉంది. మా ఆయనకు నడుము నొప్పి, పూరీ దాకా అంటే తట్టుకోలేడు. దాన్ని మెత్తగా చేయించి ఇస్తే తీసుకుంటాను."

మా ఆయన చటుక్కున హెల్మెట్టు అద్దం దించేసుకున్నాడు.

"నానొస్తానని ఎవులు సెప్పినారే?" అన్నాడు లోపల నుంచి.

"రావా?"

హెల్మెట్టు కాసేపు అటు తిరిగింది, ఇటు తిరిగింది.

"ముందు మెత్తగా సేస్తారో నేదో కనుక్కో" అన్నాడు.